బొచ్చు పిల్లిని కొనాలా, షెల్టర్ పిల్లిని తెచ్చుకోవాలా?

పెంపుడు జంతువుల శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ పిల్లుల మీదే. అడిగిన తీరు వేరు గానీ, ఎక్కువమంది సందేహం ఒకటే: డబ్బు పెట్టి జాతి పిల్లిని కొనడమా, దిక్కులేని జంతువులను సాకే షెల్టర్ నుంచి ఊరికే తెచ్చుకోవడమా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. తెల్ల పర్షియన్ పిల్లి కావాలని పట్టుబట్టింది. ఫోన్‌లో ఒక ప్రకటన చూపించింది: "డాల్ ఫేస్, రెండు నెలల పిల్ల, నీలి కళ్లు, కేసీఐ సర్టిఫికెట్‌తో." మావారేమో షెల్టర్‌కి వెళ్దాం, డబ్బు దండగ అంటున్నారు. మాది మూడో అంతస్తు ఫ్లాట్. ఏసీ ఒక్క పడకగదిలోనే ఉంది. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. ఏది మంచిది?
— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: ముందు ఆ ప్రకటన సంగతి చూద్దాం. కేసీఐ అంటే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. అది కుక్కల సంస్థ, పిల్లులను నమోదు చేయదు. పిల్లికి కేసీఐ కాగితం ఇస్తానన్నవాడు తెలియక అన్నా, తెలిసే అన్నా, అక్కడ కొనకపోవడమే మేలు. నిఖార్సయిన జాతి పిల్లికి పిల్లుల సంస్థ ఇచ్చిన వంశపత్రం ఉంటుంది. అందులో తల్లి, తండ్రి, తాతముత్తాతల పేర్లు, నమోదు నంబర్లు ఉంటాయి. చర్మం కింద గుర్తింపు మైక్రోచిప్ పెట్టామంటే స్కానర్‌తో చూపించమనండి, కాగితం మీది నంబరుతో కలవాలి. ఇవేవీ లేకపోతే మీరు కొంటున్నది పొడుగు బొచ్చున్న పిల్లిని, అంతే. అందులో తప్పేమీ లేదు. కాకపోతే దానికి జాతి ధర ఎందుకు? పెట్ షాపులో కొనేటట్టయితే, ఆ షాపు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదై ఉండాలని 2018 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఆ కాగితం కూడా అడగండి.

రెండు నెలల పిల్ల అన్నది నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. మామూలుగా ఆరేడు వారాలు దాటితే కూన కళ్ల నీలం మారుతుంది. కానీ తెల్ల పిల్లుల్లో ఆ నీలం శాశ్వతంగా ఉండిపోవచ్చు, కాబట్టి ఇక్కడ కళ్లను నమ్మొద్దు. పెదవి పక్కకు ఎత్తి పళ్లు చూడండి. ఎనిమిది వారాల కూనకు కోరల వెనక దవడ పాలపళ్లు కూడా వచ్చేసి ఉంటాయి. తూకం సుమారు 800 నుంచి 900 గ్రాములు తూగాలి. అరకిలో దగ్గరుంటే తల్లి దగ్గర నుంచి తొందరపడి లాక్కొచ్చిన పిల్ల అన్నమాట. అలాంటి కూనలే తర్వాత చేతులు కొరుకుతాయి, విరేచనాలతో పడకేస్తాయి. ఇంకో మాట. తెల్ల బొచ్చు, నీలి కళ్లు కలిసిన పిల్లుల్లో చెవుడు ఎక్కువ. దానికి కనబడకుండా వెనక నుంచి తాళం గుత్తి ఆడించండి. చప్పట్లు వద్దు, ఆ గాలి తగిలి తల తిప్పేస్తుంది.

డాల్ ఫేస్, సెమీ పంచ్, పంచ్ ఫేస్ అనేవి మన దగ్గర అమ్మేవాళ్ల మాటలు. ముక్కు ఎంత లోపలికి నొక్కుకుపోతే ధర అంత పెరుగుతుంది, ఊపిరి తీసే దారి అంత ఇరుకవుతుంది. పిల్లికి చెమట పట్టేది పాదాల కింది మెత్తల్లోనే. మిగతా ఒళ్లంతా నాలుకతో తడుపుకుని, ఆ తడి ఆరితేనే చల్లబడుతుంది. విశాఖ ఎండ విజయవాడ ఎండంత కాకపోవచ్చు గానీ, మన సముద్రపు తేమకు ఉతికిన బట్టే సాయంత్రానికి ఆరదు. దట్టమైన బొచ్చు కింద పిల్లి ఒంటి తడి ఏం ఆరుతుంది? మీరిద్దరూ ఆఫీసులో ఉండగా మధ్యాహ్నం కరెంటు పోతే దాని గతేమిటో ముందే ఆలోచించుకోవాలి. నోరు తెరిచి రొప్పడం కుక్కకు మామూలు. పిల్లి కూర్చున్నచోటే అలా రొప్పుతోందంటే అది డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిన సంగతి.

ఇక రోజువారీ పని. స్టీలు దువ్వెనలు రెండు కావాలి, ఒకటి వెడల్పు పళ్లది, ఒకటి సన్న పళ్లది. రోజూ పది పదిహేను నిమిషాలు. వీపు మీద దువ్వి మురిసిపోతే లాభం లేదు. ఉండలు కట్టేది చంకల్లో, చెవుల వెనక, వెనక తొడల మధ్య. అక్కడ వేళ్లతో బొచ్చును పాయలుగా విడదీసి, కుదుళ్ల దగ్గర ఒక చేత్తో పట్టుకుని, కొసల నుంచి పైకి దువ్వుతూ రావాలి. చిక్కు పడితే కత్తెర పెట్టకండి. పిల్లి చర్మం పలుచన, లాగితే ఉండతో పాటు పైకి లేస్తుంది, మీరు బొచ్చనుకుని చర్మం కత్తిరిస్తారు. ఉండలను క్లిప్పర్‌తోనే తీయించాలి. ముక్కు నొక్కుకుపోవడంతో కన్నీటి నాళం కూడా వంకర తిరిగి కళ్లు కారుతుంటాయి. కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన దూదితో పొద్దున, సాయంత్రం తుడవకపోతే ముక్కు పక్కన గోధుమరంగు చారలు పడి, చర్మం పాసిపోతుంది. ఒక్కటే అడుగుతాం: మార్చిలో పరీక్షలప్పుడు ఈ పని ఎవరు చేస్తారు?

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న మూత్రపిండాలది. పర్షియన్లలో కిడ్నీల నిండా నీటి బుడగలు పెరిగే వంశపారంపర్య జబ్బు ఉంది. దానికి కారణమైన జన్యు మార్పును 2004లో గుర్తించారు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా, ఒక్కో కూనకు వచ్చే అవకాశం సగానికి సగం. కూనప్పుడు ఏమీ తెలియదు. ఏడేళ్లు వచ్చేసరికి నీళ్లు ఎక్కువ తాగుతూ, చిక్కిపోతుంది. బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి చేసే జన్యు పరీక్షతోనో, పది నెలలు దాటాక అల్ట్రాసౌండ్‌తోనో బయటపడుతుంది. అమ్మేవారిని తల్లికీ తండ్రికీ చేయించిన రిపోర్టు అడగండి. అది చూపించగలిగిన బ్రీడరే జాతి ధర అడగడానికి అర్హుడు.

ఇన్ని చెప్పి మా మాట చెప్పకపోతే ఎలా? మీ ఇంటి వేళలకు, ఆ ఒక్క ఏసీ గదికి పొట్టి బొచ్చున్న, ఏడాది దాటిన షెల్టర్ పిల్లి సరిపోతుంది. అమ్మాయి మనసు పొడుగు బొచ్చు మీదే ఉంటే షెల్టర్లలో చెప్పి ఉంచండి. దువ్వలేక జనం వదిలేసిన పర్షియన్లు అక్కడికి చేరుతూనే ఉంటాయి. పెద్దదైన పిల్లి కాబట్టి ముక్కు, కిడ్నీలు, కోపతాపాలు అన్నీ చూసి మరీ తెచ్చుకోవచ్చు.

ప్రశ్న: షెల్టర్ పిల్లి అంటే జబ్బుల పుట్ట అని మా అపార్ట్‌మెంట్‌లో అంటున్నారు. ఏం చూసి ఎంచుకోవాలి? తెచ్చాక ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: జబ్బులుంటాయి. నలుగురు చేరిన చోట జలుబు ఉన్నట్టే. కొన్న పిల్లికి ఉండవనుకోవడమే పొరపాటు. తామర పర్షియన్లలోనే ఎక్కువ, ఒత్తైన బొచ్చు కింద నెలల తరబడి దాక్కుంటుంది, ఇంట్లోవాళ్లకూ అంటుకుంటుంది.

విశాఖలో 1996 నుంచి ఉన్న వీఎస్‌పీసీఏ లాంటి జంతు సంరక్షణ సంస్థలూ ఉన్నాయి, దిక్కులేని పిల్లులను ఇంట్లోనే సాకి దత్తత ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఎక్కడికైనా మధ్యాహ్నం వెళ్లకండి, ఆ వేళ పిల్లులన్నీ నిద్రలో ఉంటాయి. సాయంత్రం అయిదు తర్వాత, తిండి పెట్టే వేళకు వెళ్లండి. వెళ్లగానే ఎత్తుకోవద్దు. నేల మీద పక్కకు తిరిగి పావుగంట కూర్చోండి. దాని ముక్కు ఎత్తుకు ఒక వేలు చాచి ఉంచండి. వాసన చూసి బుగ్గ రుద్దిందా, అది మీతో వచ్చే పిల్లి. మూలకు నక్కిందని మాత్రం కొట్టిపారేయకండి. పక్క గదిలో కుక్కలు మొరుగుతుంటే ఏ పిల్లికైనా గుండె దడే. అప్పుడు దానికి రోజూ తిండి పెట్టే మనిషిని అడగండి: మనుషులు లేనప్పుడు ఎలా ఉంటుంది, మిగతా పిల్లులతో కలిసి తింటుందా, మలమూత్రాలకు పెట్టిన ట్రేలోనే వెళ్తుందా. మీ పావుగంటకన్నా ఆ మనిషి మాటకే విలువ ఎక్కువ.

తర్వాత ఒళ్లు చూడండి. కంటి లోపలి మూల నుంచి తెల్లటి పొర సగం దాకా కప్పి ఉంటే ఒంట్లో బాగోలేదని. చెవిలో కాఫీపొడి లాంటి నల్లటి గుబిలి ఉంటే చెవి పురుగులు. భయపడక్కర్లేదు, మందు చుక్కలకు పోతాయి. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. తోక కింద ఎండిన బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉంటే బద్దెపురుగులు. వెన్నుపూసలు తేలి పొట్ట మాత్రం ఉబ్బి ఉంటే కడుపు నిండా నట్టలు. నిద్రపోతున్నప్పుడు పక్కటెముకలు లేచి పడటం ఒకటిగా లెక్కపెడితే నిమిషానికి 30 లోపు ఉండాలి.

తెచ్చుకునేముందు ఒక్క రక్తపరీక్ష పట్టుబట్టి చేయించండి. పిల్లుల ల్యుకీమియా వైరస్, పిల్లుల ఎయిడ్స్ వైరస్ రెండింటికీ కలిపి ఒకే కిట్ ఉంది. కొద్ది చుక్కల రక్తం, పది నిమిషాలు. కొత్తగా సోకితే మొదట బయటపడకపోవచ్చు కాబట్టి 60 రోజుల తర్వాత మళ్లీ చేయించాలి. రెండోది ఉన్న పిల్లి కూడా ఇంట్లో ఒంటరిగా ఉంచితే ఏళ్ల తరబడి హాయిగా బతుకుతుంది. పేరు విని బెదిరిపోకండి, మనుషులకు అంటదు.

ఇంటికి తెచ్చాక 14 రోజులు ఒకే గది. ఇంట్లో మరో పిల్లి ఉంటే తలుపు కింద సందును కూడా తువ్వాలుతో మూయండి. దీనికి కారణం పాన్‌ల్యూకోపీనియా. వాంతులు, రక్తం కలిసిన విరేచనాలతో కూనలను రెండు మూడు రోజుల్లో తీసుకుపోయే జబ్బు. ఈ వైరస్ నేల మీద ఏడాది దాకా బతుకుతుంది, ఫినాయిల్‌ను లెక్కచేయదు. అంతకుముందు ఇంట్లో ఇలా పిల్లి పోయి ఉంటే, నేలను మొదట సబ్బుతో కడిగి, లీటరు నీళ్లకు 30 మిల్లీలీటర్ల బ్లీచ్ కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. మురికి ఉంటే బ్లీచ్ పనిచేయదు, అందుకే సబ్బు ముందు. టీకా వేయకుండా ఆ ఇంట్లోకి కూనను తేకూడదు. ఈ జబ్బుతో సహా మూడింటికి కలిపి వేసే ట్రైక్యాట్ టీకా ఎనిమిదో వారంలో మొదలుపెట్టి నాలుగేసి వారాల ఎడంతో పదహారో వారం దాకా వేస్తారు. మూడు నెలలకు రేబిస్ టీకా. ఆడా మగా ఏదైనా అయిదో నెలలో ఆపరేషన్. "ఒక్కసారి ఈనిస్తే మంచిది" అన్న మాటకు ఆధారం లేదు.

ఫినాయిల్ మాట వచ్చింది కాబట్టి. దానిలోని ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాకితే అదే విషం. పారాసిటమాల్ కూడా ఇంతే, ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. కుక్కల పురుగులకు మెడ మీద వేసే పర్మెత్రిన్ మందు పిల్లికి వేయకండి, ఫిట్స్ వస్తాయి.

ప్రశ్న: మా కోడలికి నాలుగో నెల. అబ్బాయి పిల్లిని తెస్తానంటున్నాడు. కడుపుతో ఉన్నవాళ్లకు వీధి పిల్లి గండమని, ఖరీదైన జాతి పిల్లి అయితే ఫర్వాలేదని చెబుతున్నారు. నిజమేనా?
— ఒక తల్లి, గాజువాక

జవాబు: జాతికీ దీనికీ సంబంధం లేదమ్మా. మీరు విన్నది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. ఎలుకలను, పచ్చి మాంసాన్ని తిన్న పిల్లికి అది సోకుతుంది. సోకిన కొత్తలో రెండు మూడు వారాలు మలంలో బయటికి వస్తుంది. ఆ మలం అప్పటికప్పుడు హాని చేయదు, అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. కాబట్టి ట్రేని రోజూ శుభ్రం చేస్తే, అదీ అబ్బాయి చేస్తే, కోడలికి వచ్చే ముప్పు చాలా తక్కువ. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, తోట మట్టి వీటితోనే ముప్పు ఎక్కువ. ఇంట్లో ఇప్పటికే పిల్లి ఉంటే వదిలేయమని చెప్పం. కొత్తగా తెచ్చేదయితే కాన్పయ్యాకే తెచ్చుకోమని అబ్బాయితో అనండి. కూన తెచ్చిన మొదటి నెల గోళ్ల గీతలు, విరేచనాలు, నట్టల మందులు తప్పవు. ఆమెకు ఇప్పుడెందుకు ఆ శ్రమ?

ప్రశ్న: మా ఇంట్లో నీసు రానివ్వం. పెరుగన్నానికి, పాలకు అలవాటు పడే జాతి ఏదైనా ఉందా?
— ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: లేదు. వీధి పిల్లి పెరుగన్నం నాకుతుంటే బాగానే ఉంది కదా అనిపిస్తుంది. అది గోడ దాటి ఎలుకనో తొండనో తిని లోటు తీర్చుకుంటోంది. మీ తలుపు మూసిన ఫ్లాట్‌లో ఆ దారి ఉండదు. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి ఒంట్లో చాలినంత తయారుచేసుకోలేదు. అది మాంసంలో, చేపలో ఉంటుంది. కొన్ని నెలలు అందకపోతే కంటి వెనక పొర దెబ్బతిని చూపు పోతుంది, గుండె కండరం సాగి బలహీనమవుతుంది. ప్యాకెట్ ఆహారం ఇంట్లో పెట్టడానికి ఒప్పుకుంటే పిల్లిని తెచ్చుకోండి. నాలుగు కిలోల పిల్లికి రోజుకు 50 నుంచి 60 గ్రాముల పొడి ఆహారం చాలు. మన తేమకు తెరిచిన సంచి నెల తిరక్కుండానే మెత్తబడి కొవ్వు వాసన వేస్తుంది, చిన్న సంచులే కొని మూత బిగిసే డబ్బాలో ఉంచండి. అదీ కుదరదంటే కుందేలును పెంచుకోవచ్చు, నిజంగానే చెబుతున్నాం.

ఇదే ఉత్తరానికి తిరగేసి ఇంకో పాఠకురాలు ఫిషింగ్ హార్బర్ నుంచి రోజూ కవళ్లు, నెత్తళ్లు తెచ్చి పచ్చివే వేయవచ్చా అని అడిగారు. ఈ చిన్న చేపల్లో విటమిన్ బి1ను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంది, ఉడికిస్తే పోతుంది. వారానికి రెండుసార్లు, ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి, ముళ్లు తీసి వేయండి. ఎండుచేప వద్దు, ఉప్పు మోతాదు మించుతుంది.

ప్రశ్న: చెవులు ముందుకు మడిచి ఉండే స్కాటిష్ ఫోల్డ్ తీసుకుందామని ఉంది. ఆరోగ్యంగా ఉన్నది ఎలా గుర్తుపట్టాలి?
— ఒక పాఠకుడు, ద్వారకానగర్

జవాబు: చెవి మడిచి ఉందంటేనే జబ్బు ఉందని. 1961లో స్కాట్లండ్‌లో ఒక పశువుల కొట్టంలో కనబడ్డ పిల్లి నుంచి వచ్చిన జాతి ఇది. చెవి మృదులాస్థిని మడిచే ఆ జన్యువే ఒంట్లో ప్రతి మృదులాస్థినీ దెబ్బతీస్తుంది. కాళ్ల కీళ్లు, తోక పూసలు బిగుసుకుపోయి నొప్పి పెడతాయి. బొమ్మలా కదలకుండా కూర్చుంటుందని మురిసేది చాలాసార్లు దూకలేకే. బ్రిటన్ ప్రధాన పిల్లుల రిజిస్ట్రీ ఈ జాతిని గుర్తించదు. ఏ ధరకైనా వద్దు.

ప్రశ్న: మేమిద్దరం డెబ్భై దాటినవాళ్లం. పిల్లలు విదేశాల్లో ఉన్నారు. కూనను తెచ్చుకుంటే మచ్చిక అవుతుందంటారు. ఏది నయం? బాల్కనీ సముద్రం వైపు ఉంది, ఆరో అంతస్తు.
— విశ్రాంత ఉద్యోగి, లాసన్స్ బే కాలనీ

జవాబు: కూన వద్దండీ. అది రాత్రి మూడింటికి కర్టెన్లెక్కుతుంది, కాళ్ల మధ్య పరుగెడుతుంది. ఈ వయసులో తట్టుకుని పడితే కష్టం. పైగా ఇంట్లోనే ఉండే పిల్లి పదిహేనేళ్లు బతకగలదు. అయిదారేళ్లు దాటిన, ఆపరేషన్ అయిన షెల్టర్ పిల్లిని అడగండి. మొదటి మూడు వారాలు మంచం కింద నుంచి రాకపోయినా బలవంతంగా లాగొద్దు, తిండి గిన్నె రోజుకో జానెడు ఇవతలికి జరపండి. ట్రేని వంగకుండా శుభ్రం చేసేలా స్టూలు ఎత్తున పెట్టవచ్చు, దాని ముందు ఒక మెట్టు ఉంటే చాలు.

బాల్కనీకి పావురాల నైలాన్ వల సరిపోదు. ఎండకు పెళుసెక్కుతుంది, పిల్లి కొరికేస్తుంది. మీ వైపు ఉప్పుగాలికి మామూలు ఇనుప జాలీ రెండేళ్లలో తుప్పు రాలుతుంది. అంగుళం కన్నాల స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ వేయించి, రెయిలింగ్‌కు కట్టుతీగలతో కాకుండా గోడకు స్క్రూలతో బిగించమనండి. అది పూర్తయ్యాకే పిల్లిని తీసుకురండి.

ప్రశ్న: మా మేడ సజ్జ మీద వీధి పిల్లి మూడు కూనలను పెట్టింది. ఒకదాన్ని ఉంచుకుందామని ఉంది. ఎప్పుడు దించాలి?
— ఒక పాఠకురాలు, అక్కయ్యపాలెం

జవాబు: కూనలు మనుషులకు అలవాటుపడే వయసు రెండో వారం నుంచి ఏడో వారం వరకు. ఆలోగా రోజూ కాసేపు చేతిలోకి తీసుకుని నిమరండి, తల్లి తిండికి వెళ్లిన వేళ చూసి. తల్లి నుంచి వేరుచేయడం మాత్రం ఎనిమిది వారాల తర్వాతే. ఆవుపాలు పోయకండి, విరేచనాలు అవుతాయి. తల్లి ఉన్నన్నాళ్లు తల్లికే తిండి పెట్టండి. మూడు రంగుల కూన ఉంటే అది దాదాపు ఖాయంగా ఆడది. నారింజ రంగుదైతే మగది అయ్యే అవకాశం ఎక్కువ. మిగతా రెండింటికి ఇళ్లు చూసే పని ఇప్పుడే మొదలుపెట్టండి. అంతకన్నా ముందు తల్లికి ఆపరేషన్ తేదీ రాయించుకోండి. పాలిస్తూనే మళ్లీ చూడి కట్టగలదు, చూడి కాలం తొమ్మిది వారాలే. కూనలు గిన్నెలో తినడం మొదలైన వారంలో దాన్ని పట్టుకోలేకపోతే, దసరాకు మూడు, సంక్రాంతికి ఇంకో నాలుగు మీ సజ్జ మీదే ఉంటాయి.